అణువిద్యుత్ రంగంలో ఇంజనీర్లు – మన పిల్లల ముందున్న దారులు

ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరానికి వచ్చారంటే చుట్టపక్కాలందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీలో వచ్చింది?" కంపెనీ అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ అనే అర్థం. బెంగుళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, పూణేలో ఉన్నా మన కుటుంబాల్లో ఈ పద్ధతి మారలేదు. మెకానికల్ చదివినవాడూ, సివిల్ చదివినవాడూ, ఎలక్ట్రికల్ చదివిన అమ్మాయీ చివరికి ఒకే గుమ్మం ముందు బారులు తీరుతున్నారు. చదివిన చదువుకు తగిన పని ఇంకెక్కడైనా ఉందా అని విచారించే తీరిక తల్లిదండ్రులకు లేదు. చెప్పే మనిషి పిల్లలకు దొరకడు.

అలాంటి రంగం ఒకటి మన ముంగిట్లోనే ఉంది. తమిళనాడులో కల్పాక్కం, కూడంకుళం. కర్ణాటకలో కార్వార్ దగ్గరి కైగా. మహారాష్ట్రలో తారాపూర్, ముంబైలో ట్రాంబే. ఒడిశాలో గంజాం జిల్లా ఛత్రపురం, అవతల తాల్చేరు. ఇవన్నీ కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ కిందికో, ఆ శాఖ నడిపే సంస్థల కిందికో వచ్చే చోట్లు. మనం తరతరాలుగా స్థిరపడిన రాష్ట్రాలే ఇవి. యానాం వారికి మాత్రం చెంతనే కేంద్రం లేదు గాని, ప్రవేశ పరీక్ష అందరికీ ఒకటే. బస్సు కిటికీలోంచి ఆ ప్రహరీ గోడలు చూసి "లోపల ఏదో బాంబుల పని" అనుకుని దాటిపోయేవాళ్ళే మనలో ఎక్కువ. లోపల ఇంజనీర్లు ఎలా చేరతారు, ఎలా ఎదుగుతారు, ఎక్కడ ఇబ్బంది పడతారు అన్నది తెలుసుకున్నవాళ్ళు తక్కువ.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్పై ఏళ్ళు దాటింది. అందులో నాలుగేళ్ళు కల్పాక్కం పరిసరాల్లోని ఒక శాఖలో పనిచేశాను. అక్కడ మా ఖాతాదారుల్లో చాలామంది అణుకేంద్రాల ఉద్యోగులే. జీతాలు, ఇంటి రుణాలు, పిల్లల చదువు రుణాలు, పదవీ విరమణ డిపాజిట్లు అన్నీ నా బల్ల మీదుగా వెళ్ళేవి. ఒక మనిషి ఉద్యోగ జీవితం ఎలా సాగిందో పాసుబుక్కు చెప్పినంత నిజంగా ఇంకేదీ చెప్పదు. ఆ పరిచయంతో, ఆ తరువాత అడిగి తెలుసుకున్న సంగతులతో ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదలు ఎక్కడ?

మన దేశపు మొదటి రియాక్టరు 'అప్సర' ట్రాంబేలో 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టింది. దాని నియంత్రణ పరికరాలను తయారుచేసిన ఎలక్ట్రానిక్స్ విభాగానికి నాయకుడు అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. తరువాత 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడడానికి ఆయనే కారకులు. హైదరాబాదు వెళ్ళినప్పుడు మనం ఎ.ఎస్.రావు నగర్ బస్సు ఎక్కుతాం గాని, ఆ పేరు ఎవరిదని అడగం.

ఆ రోజుల్లో అణు ఇంజనీరింగు నేర్పే కాలేజీ మన దేశంలో లేదు. ఎక్కడో తయారైన మనుషుల కోసం ఎదురుచూడడం కన్నా మనమే తయారుచేసుకుందామని హోమీ భాభా 1957లో ట్రాంబేలో ట్రెయినింగ్ స్కూలు పెట్టించారు. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ ఏది చదివినవాడినైనా తీసుకుని, ఒక సంవత్సరం పాటు మిగతాదంతా నేర్పి పనిలో పెట్టడం ఆ పద్ధతి. అదే పద్ధతి నేటికీ నడుస్తోంది. కాబట్టి తల్లిదండ్రులు మొట్టమొదట గ్రహించవలసింది ఇది: అణు రంగంలో చేరడానికి అణు ఇంజనీరింగు డిగ్రీ ఉండనక్కరలేదు. మామూలు బి.ఇ., బి.టెక్. గట్టిగా చదివితే చాలు.

ఒక ఇంజనీరు ఎంతవరకు వెళ్ళగలడో తెలియడానికి ఎం.ఆర్. శ్రీనివాసన్ గారి జీవితం చూడవచ్చు. బెంగుళూరులో మెకానికల్ చదివారు. 1955లో అణుశక్తి శాఖలో చేరి అప్సర పనిలో పాల్గొన్నారు. 1967లో కల్పాక్కంలోని మద్రాసు అణువిద్యుత్ కేంద్రానికి చీఫ్ ప్రాజెక్ట్ ఇంజనీరు అయ్యారు. 1987లో న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ ఏర్పడినప్పుడు దానికి మొదటి ఛైర్మన్, అదే సంవత్సరం అణుశక్తి సంఘానికీ ఛైర్మన్. 2025 మే నెలలో 95వ ఏట కన్నుమూశారు. అందరూ అంత ఎత్తుకు వెళ్ళరు. కాని డ్రాయింగుల దగ్గర మొదలుపెట్టిన ఇంజనీరు ఆ రంగానికే పెద్ద కావడం ఇక్కడ జరిగింది. బయటినుంచి తెచ్చి పెట్టలేదు.

రెండు గుమ్మాలు

ఇంజనీరింగు పట్టభద్రులకు ప్రధానంగా రెండు గుమ్మాలున్నాయి.

మొదటిది భాభా అణు పరిశోధనా కేంద్రం, అంటే బార్క్ నడిపే ట్రెయినింగ్ స్కూలు. గేట్ స్కోరు మీద గాని, వారే పెట్టే పరీక్ష మీద గాని ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఆ తరువాత పాత మార్కులన్నీ పక్కనపెట్టి ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభ మీదనే ఎంపిక చేస్తారు. ఏడాది చదువు, స్టైపెండు, హాస్టలు. రియాక్టరు భౌతికశాస్త్రం నుంచి రేడియేషన్ రక్షణ వరకు అన్నీ చదవాలి. మార్కులు తగ్గితే ఉద్యోగమే పోతుంది కాబట్టి ఆ ఏడాది కాలేజీ కన్నా కష్టమని చదివినవాళ్ళందరూ అంటారు. గట్టెక్కినవారు 'సైంటిఫిక్ ఆఫీసర్ సి' హోదాలో ట్రాంబేలోనో, కల్పాక్కం ఇందిరాగాంధీ అణు పరిశోధనా కేంద్రంలోనో, శాఖకు చెందిన మరొక సంస్థలోనో చేరతారు. గేట్ ద్వారా ఐ.ఐ.టి.ల వంటి చోట ఎం.టెక్. సీటు వచ్చినవారికి ఆ చదువు ఖర్చు శాఖే భరించి, ముగిశాక ఉద్యోగంలోకి తీసుకునే పథకం కూడా ఉంది.

రెండవది న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్, ఎన్.పి.సి.ఐ.ఎల్. విద్యుత్ కేంద్రాలు కట్టడం, నడపడం దీని పని. గేట్ స్కోరు, ఇంటర్వ్యూ ద్వారా 'ఎగ్జిక్యూటివ్ ట్రెయినీ'లను తీసుకుంటుంది. వీరికి కల్పాక్కం, తారాపూర్, కైగా వంటి కేంద్రాల దగ్గర ఉన్న శిక్షణాలయాల్లో ఏడాది శిక్షణ ఉంటుంది. తరువాత వీరికీ అదే 'సి' హోదా.

ఏడవ వేతన సంఘం పట్టిక ప్రకారం ఈ రెండు గుమ్మాల్లో ఎటునుంచి చేరినా లెవెల్ 10, ప్రారంభ మూలవేతనం 56,100 రూపాయలు. మీద కరవు భత్యం, ఇతర సదుపాయాలు. రెండింటికీ కనీసం మూడేళ్ళు పనిచేస్తామని ఒప్పంద పత్రం రాసి ఇవ్వాలి. డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి. సాధారణ వర్గం వారికి వయసు 26 దాటకూడదు. నియమాలు ప్రకటనకూ ప్రకటనకూ కాస్త మారుతుంటాయి కనుక దరఖాస్తు పెట్టే ఏడాది ప్రకటన చదవడం మంచిది.

పదోన్నతి: బ్యాంకుకూ అక్కడికీ తేడా

బ్యాంకులో మాకు పైన ఖాళీ ఏర్పడితేనే ప్రమోషను. ఎంత పనిమంతుడైనా ఆ ఏడాది ఖాళీలు పది ఉంటే పదకొండోవాడు మిగిలిపోతాడు. అణుశక్తి శాఖలో శాస్త్రజ్ఞులకు, ఇంజనీర్లకు ఖాళీతో పనిలేని 'మెరిట్ ప్రమోషన్' పద్ధతి ఉంది. ఒక హోదాలో నిర్ణీత సంవత్సరాలు నిండాక, చేసిన పనిని చూసి, ఇంటర్వ్యూ చేసి, అర్హుడైతే పై హోదా ఇస్తారు. కుర్చీ అదే, బల్ల అదే, హోదా, జీతం మారతాయి. సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని అక్షరాల వరుసలో మెట్లు. ఆ పైన 'ఔట్‌స్టాండింగ్ సైంటిస్ట్', 'డిస్టింగ్విష్డ్ సైంటిస్ట్'.

ఇది విన్నప్పుడు నాకు కాస్త అసూయగానే అనిపించింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఖాళీ లేదని చెప్పుకునే సాకు ఇక్కడ ఉండదు. ఒకే బ్యాచిలో చేరిన ఇద్దరిలో ఒకరు జి లో ఉంటే, మరొకరు ఇ దగ్గర ఆగిపోవచ్చు. "నీ పని ఏది? ఇందులో నీ భాగం ఎంత?" అని ఇంటర్వ్యూ బోర్డు అడిగినప్పుడు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. మొదటి నుంచీ చేసిన పని రాసిపెట్టుకునే అలవాటు ఉన్నవారు ముందుకు వెళతారని అక్కడి పెద్దలు చెబుతుంటారు.

లైసెన్సు అనే మెట్టు

విద్యుత్ కేంద్రంలో ఆపరేషన్ విభాగానికి వెళ్ళినవారికి హోదాతోపాటు మరో నిచ్చెన ఉంది. అదే లైసెన్సు. కంట్రోల్ రూములో ఎవరు పడితే వారు మీట నొక్కడానికి వీల్లేదు. కొత్తగా చేరిన ఇంజనీరు మొదట ప్లాంటులో తిరిగి ఏ గొట్టం ఎక్కడికి పోతుందో, ఏ వాల్వు ఏ అంతస్తులో ఉందో నేర్చుకోవాలి. ఆపైన రాత పరీక్షలు, ప్లాంటులో తిప్పి అడిగే పరీక్షలు, అచ్చం కంట్రోల్ రూములాగే ఉండే సిమ్యులేటరు మీద పరీక్ష, వైద్య పరీక్ష, చివర ఇంటర్వ్యూ. అన్నీ గట్టెక్కితే కంట్రోల్ ఇంజనీరు లైసెన్సు. కొన్నేళ్ళ అనుభవం, మళ్ళీ పరీక్షలు అయ్యాక అసిస్టెంట్ షిఫ్ట్ ఛార్జ్ ఇంజనీరు. ఆ తరువాత షిఫ్ట్ ఛార్జ్ ఇంజనీరు. ఆ షిఫ్టులో కేంద్రం మొత్తానికీ ఆయనే బాధ్యుడు. ఈ లైసెన్సుల మీద అధికారం 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. లైసెన్సు ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది కాదు. గడువు తీరగానే మళ్ళీ అర్హత నిరూపించుకోవాలి.

మా బ్యాంకులో ఖజానాకు రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో. ఒకరు రాసిన వోచరును మరొకరు సరిచూడాలి. ఇన్ని జాగ్రత్తలు ఎందుకో దొంగతనం జరిగిన రోజున గాని అర్థం కాదు. రియాక్టరులోనూ అంతే. ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో 1993 మార్చి 31 తెల్లవారుజామున టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. మంట కేబుళ్ళకు పాకి కేంద్రం మొత్తానికి కరెంటు పోయింది. కంట్రోల్ రూములోకి పొగ కమ్ముకుంది. సిబ్బంది వెంటనే రియాక్టరును ఆపారు. కాని రియాక్టరు పొయ్యిలాంటిది కాదు, ఆపిన క్షణంలో కూడా పూర్తి శక్తిలో ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది. దానిని చల్లబరుస్తూ ఉండాలి. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో నీళ్ళు పంపారు. కొందరు ఆపరేటర్లు చేతిలైట్లు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళి, రియాక్టరు మళ్ళీ రాజుకోకుండా బోరాన్ ద్రావణం వదిలే వాల్వులను చేత్తో తిప్పారు. పదిహేడు గంటల పాటు కరెంటు లేకపోయినా రేడియేషన్ ప్రమాదం జరగలేదు.

ఆ చీకట్లో ఏ వాల్వు ఎక్కడుందో వెతుక్కునే వ్యవధి లేదు. ఏళ్ళ తరబడి పరీక్షలు పెట్టి నేర్పింది ఆ కొద్ది గంటల కోసం. షిఫ్ట్ ఛార్జ్ ఇంజనీరు కుర్చీ దాకా రావడానికి అన్నేళ్ళు ఎందుకు పడుతుందని అడిగేవారికి ఇదే జవాబు. ఈ రంగంలో ఎదుగుదల అంటే జీతం పెరగడం ఒక్కటే కాదు. ఇతని చేతికి దీన్ని అప్పగించవచ్చు అనే నమ్మకం మెట్టు మెట్టుగా పెరగడం. సాఫ్ట్‌వేర్‌లో మూడేళ్ళకు దొరికే బాధ్యత ఇక్కడ పదేళ్ళకు దొరకవచ్చు. ఆ నిదానం సహించేవారికే ఈ దారి.

ఈ మెట్లెక్కినవారే తరువాత ఆపరేషన్ సూపరింటెండెంట్లు, చీఫ్ సూపరింటెండెంట్లు, స్టేషన్ డైరెక్టర్లు అవుతారు. కైగా ఒకటో యూనిట్ 2018 డిసెంబరు 31 వరకు ఆగకుండా 962 రోజులు నడిచి రికార్డు సృష్టించింది. దాని వెనుక ఇలాంటి షిఫ్టులు ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకోండి.

ఏ బ్రాంచివారికి ఏ పని?

మెకానికల్ వారికి పంపులు, టర్బైన్లు, రియాక్టరు నడుస్తుండగానే ఇంధనం మార్చే యంత్రాలు. ఎలక్ట్రికల్ వారికి జనరేటరు నుంచి బ్యాటరీల వరకు ఒకదాని వెనుక ఒకటిగా ఉండే విద్యుత్ సరఫరా. ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వారికి నియంత్రణ, రక్షణ వ్యవస్థలు. ఒకే కొలతను మూడు పరికరాలు వేరువేరుగా చూసి, రెండు ఒప్పుకుంటే రియాక్టరు దానంతట అదే ఆగిపోయే ఏర్పాట్లు వీరివే. కెమికల్ వారికి భారజలం, నీటి రసాయనం, వాడిన ఇంధనాన్ని శుద్ధి చేయడం. మెటలర్జీ వారికి హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. దేశీయ రియాక్టర్లకు ఇంధనపు కట్టలు, జిర్కోనియం గొట్టాలు 1971లో ఏర్పడిన ఈ సంస్థలో తయారవుతాయి. కంప్యూటర్ సైన్సు వారికి సిమ్యులేటర్లు, నియంత్రణ సాఫ్ట్‌వేరు తనిఖీ.

సివిల్ వారికి పని ఉండదనుకోవడం పొరపాటు. 1994 మేలో కైగాలో కడుతున్న రియాక్టరు భవనపు లోపలి గుమ్మటం నుంచి కాంక్రీటు పెచ్చులూడి పడింది. అప్పటికి రియాక్టరు నడవడం లేదు. డిజైను మళ్ళీ పరిశీలించి, మార్చి, కొత్తగా కట్టారు. ఆ కేంద్రం 2000లో గాని విద్యుత్తు అమ్మకం మొదలుపెట్టలేదు. ఒక్క గుమ్మటం లెక్క దేశానికి ఎన్నేళ్ళు ఖర్చు చేయించిందో చూడండి. సివిల్ ఇంజనీరు విలువ అంత.

ఇక నియంత్రణ మండలి కూడా ఇంజనీర్లను తీసుకుంటుంది. ఒకరు కట్టింది మరొకరు తనిఖీ చేయడం అక్కడి పని. మా ఇన్‌స్పెక్షన్ విభాగం లాంటిదన్నమాట. అనుభవం పండినవారు కొందరు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థకూ వెళుతుంటారు.

డిప్లొమా, ఐ.టి.ఐ. పిల్లలు

అందరి పిల్లలూ బి.టెక్. చదవరు. పాలిటెక్నిక్ డిప్లొమా, బి.ఎస్సీ. చదివినవారికి, ఐ.టి.ఐ. చేసినవారికి 'స్టైపెండియరీ ట్రెయినీ' అనే దారి ఉంది. స్టైపెండుతో శిక్షణ ముగిశాక డిప్లొమా, బి.ఎస్సీ. వారు సైంటిఫిక్ అసిస్టెంట్లుగా, ఐ.టి.ఐ. వారు టెక్నీషియన్లుగా చేరతారు. ఈ ప్రకటనలు కల్పాక్కం, కైగా, తారాపూర్ కేంద్రాల వారీగా వస్తుంటాయి. దగ్గర ఊళ్ళలో ఉన్న మన కుటుంబాలు వీటిని చూడకుండా వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. మా శాఖలో సొంత ఇల్లు కట్టుకుని, పిల్లలను ఇంజనీర్లు చేసిన టెక్నీషియన్లు ఎందరో ఉండేవారు.

రేడియేషన్ మాటేమిటి?

గత సంవత్సరం మా అక్క కూతురికి ఎన్.పి.సి.ఐ.ఎల్.లో ఎంపిక వచ్చింది. మెకానికల్ చదివిన పిల్ల. చేతిలో బెంగుళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా ఉంది. "మామయ్యా, చేరమంటావా, వద్దంటావా?" అని ఫోను. వెనకనుంచి మా అక్క గొంతు: "ఆడపిల్ల రా. రేపు పెళ్ళి కావాలి, పిల్లలు పుట్టాలి. అక్కడికి పంపిస్తే ఎవరు చేసుకుంటారు?"

ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు. లెక్క తెలుసుకోవాలి. మన చుట్టూ ఉన్న మట్టి, రాయి, ఆకాశం నుంచి ప్రపంచంలో మనిషికి సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ సహజంగానే అందుతుంది. కేంద్రాల్లో పనిచేసేవారికి ఐదేళ్ళ సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు అని నియంత్రణ మండలి హద్దు పెట్టింది. బయటి ప్రజలకు ఆ హద్దు 1 మిల్లీసీవర్టు. ప్రతి ఉద్యోగీ జేబుకు బ్యాడ్జి పెట్టుకుంటాడు. ఎంత తగిలిందో అతని పేరున లెక్క నమోదవుతుంది, మన ఖాతాలో జమాఖర్చులాగా. స్త్రీ ఉద్యోగి గర్భవతినని తెలియజేస్తే, కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మార్చాలి.

అయినా ఏమీ జరగదని చెప్పను. 2009 నవంబరులో కైగాలో ఉద్యోగులు తాగే నీటి కూలరులో ట్రీషియం కలిసిన సంఘటన జరిగింది. కొందరికి వైద్యం చేయవలసి వచ్చింది. 2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం పంప్‌హౌస్‌లోకి సముద్రం వచ్చింది. నడుస్తున్న యూనిట్‌ను సురక్షితంగా ఆపగలిగారు. కాని టౌన్‌షిప్‌లో ఇళ్ళలో ఉన్నవారిని అల పొట్టనబెట్టుకుంది. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఆ మాట ఎత్తితే పాత ఉద్యోగులు కాసేపు మౌనంగా ఉండిపోయేవారు.

ఇవన్నీ మా అక్కకు దాచకుండా చెప్పాను. పెళ్ళి సంగతికి మాత్రం నా దగ్గర లెక్కలేదు. దానికి ఆ పిల్లే జవాబు చెప్పింది: "నా బ్యాడ్జి చూసి భయపడేవాడు నాకెందుకమ్మా?"

రూపాయల లెక్క

ఇక డబ్బు సంగతి. ఆ పిల్ల చదువుకు 7 లక్షల రుణం ఉంది. పదిన్నర శాతం వడ్డీకి పదేళ్ళ వాయిదాలైతే నెలకు సుమారు 9,450 రూపాయలు. లెవెల్ 10 జీతంలో, క్వార్టర్సులో ఉంటూ, ఆ వాయిదా కట్టడం భారం కాదు. విద్యారుణానికి సాధారణంగా చదువు ముగిశాక మరో ఏడాది వరకు వాయిదా ఉండదు. కాని ఆ ఏడాది కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, నెలకు 6,125 రూపాయలు. శిక్షణ కాలపు స్టైపెండులోంచి ఆ వడ్డీ కట్టేస్తే అసలు పెరగదు. ఈ చిన్న మాట ఏ పిల్లలకైనా చెప్పండి.

పాసుబుక్కులో మరో పక్క కూడా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో రాణించినవాడి జీతం పదేళ్ళలో ఇక్కడి జీతాన్ని దాటిపోతుంది. అందులో సందేహం లేదు. ఇక్కడ టౌన్‌షిప్, వైద్యం, అణుశక్తి విద్యాసంస్థ బడులు ఉన్నాయి గాని, ఊరు దూరం. కైగా అడవి మధ్య, కూడంకుళం దక్షిణపు కొసన. భార్య లేదా భర్త కూడా ఉద్యోగం చేసేవారైతే వారికి అక్కడ పని దొరకడం కష్టం. షిఫ్టు వారికి పండగ, సెలవు ఉండవు. దీపావళి రాత్రి కూడా కంట్రోల్ రూములో మనిషి ఉండాలి కదా! 2004 జనవరి తరువాత చేరినవారికి పాత పింఛను లేదు. బడిలో తెలుగు ఉండదు, ఇంట్లోనే నేర్పుకోవాలి. అది మనకు కొత్త కాదనుకోండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఇన్నాళ్ళూ ఈ విద్యకు కొనుగోలుదారు దాదాపు ఒక్కరే. రియాక్టరు నడపడం నేర్చిన మనిషి ఆ సంస్థ వదిలితే ఆ లైసెన్సు బయట చెల్లదు. ఈ పరిస్థితి మారే సూచనలున్నాయి. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు సాధించాలని, 2033 నాటికి కనీసం ఐదు చిన్న రియాక్టర్లు నడపాలని 2025 బడ్జెట్టులో కేంద్రం లక్ష్యాలు పెట్టింది. అప్పటికి ఉన్నది సుమారు తొమ్మిది వేల మెగావాట్ల లోపే. రాజస్థాన్‌లోని మాహి బాన్స్‌వాడాలో ఎన్.టి.పి.సి.తో కలిసి నాలుగు యూనిట్లు కట్టడానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచే కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. తిరుచ్చి బి.హెచ్.ఇ.ఎల్., లార్సెన్ అండ్ టూబ్రో, వాల్‌చంద్‌నగర్ ఇండస్ట్రీస్, హైదరాబాదు ఎం.టి.ఎ.ఆర్. వంటివి ఎప్పటినుంచో రియాక్టరు భాగాలు చేస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కూడా ఆరు పెద్ద యూనిట్ల ప్రతిపాదన ఉంది. అయితే ఈ రంగంలో ప్రకటనకూ కరెంటుకూ మధ్య పదేళ్ళు, పదిహేనేళ్ళు గడవడం కొత్త కాదు. కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు నిర్మాణం 2004లో మొదలైతే, కోర్ నింపడం మొదలైంది 2024 మార్చిలో. లక్ష్యాలు చూసి కాదు, పని చూసి చేరాలి.

మా అక్క కూతురు అన్నీ విని, తనే కాగితం మీద రెండు వరుసలు గీసి రాసుకుని, చివరికి చేరింది. ఇప్పుడు శిక్షణలో ఉంది. వారానికోసారి ఫోను చేసి వాల్వుల పేర్లు చెబుతుంటే మా అక్క ఊ కొడుతోంది.

ఎవరికి నప్పుతుంది?

కొత్తది కనిపెట్టాలని, లోతుగా తవ్వాలని ఉన్న పిల్లలకు బార్క్, కల్పాక్కం పరిశోధనా కేంద్రం దారి. యంత్రం పక్కన నిలబడి దాన్ని నడపడంలో తృప్తి ఉన్నవారికి విద్యుత్ కేంద్రం దారి. తప్పు పట్టుకోవడంలో నేర్పున్నవారికి నియంత్రణ మండలి. చెప్పిన నియమం ఎన్నిసార్లయినా అదే వరుసలో పాటించడానికి విసుగుపడేవారికి, రెండేళ్ళకోసారి ఉద్యోగం మారాలనుకునేవారికి ఇది చోటు కాదు. అలా అనుకోవడం తప్పూ కాదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మూడో సంవత్సరంలోనే పిల్లల చేత గేట్‌కు చదివించడం మొదలుపెట్టించండి. నాలుగో ఏడాది చివర ఆలోచిస్తే ఆలస్యం. మన సంఘంలో, మీ ఊళ్ళో ఈ కేంద్రాల్లో పనిచేసినవారు, పదవీ విరమణ చేసినవారు ఉంటారు. పిల్లలను ఒక ఆదివారం వారి ఇంటికి తీసుకువెళ్ళి గంటసేపు కూర్చోబెట్టండి. జీతమెంతో మీరు అడగవద్దు, అది ప్రకటనలోనే ఉంటుంది. రాత్రి షిఫ్టు ఎలా గడుస్తుందో పిల్లలను అడగనివ్వండి.